హారం చెప్పని వార్త

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. నూనె ఎంత వాడాలి, ఉప్పు ఎక్కడ ఆపాలి, గర్భిణి ఏం తినాలి, పసిబిడ్డకు ఎప్పుడు ఏం పెట్టాలి, అన్నీ అందులో ఉన్నాయి. జనంలోకి వెళ్లింది మాత్రం ఒక్క ముక్కే: ‘చాయ్ మానేయమన్నారట!’ ఆ సంస్థ అలా అనలేదు. భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దంది. వాటిలోని టానిన్లు ఇనుమును పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వవు కాబట్టి. కెఫిన్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దంది. కప్పు టీలో ఉండేది 30 నుంచి 65 మిల్లీగ్రాములు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తాగేవాళ్ల జోలికి ఎవరూ రాలేదన్నమాట.

జోకులు పేలాయి, ఆ తర్వాత అందరూ మర్చిపోయారు. నిజంగా ఆ మాట చేరాల్సిన చోటు వేరే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు వేసుకోవాలి. టిఫిన్ తిని, చాయ్ తాగుతూ ఆ మాత్ర మింగితే అందులోని ఇనుము సరిగా ఒంటబట్టదు. మంచినీళ్లతోనో నిమ్మరసంతోనో వేసుకోవాలి. కాల్షియం మాత్రకూ దీనికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. ఆశా కార్యకర్త రెండు నిమిషాల్లో చెప్పగలిగిన ఈ సంగతి ‘చాయ్ బంద్’ గోలలో వినిపించలేదు.

అది నవ్వుకుని వదిలేయగలిగిన ఉదాహరణ. దానికి కొద్ది రోజుల ముందు వచ్చిన వార్త అలాంటిది కాదు. తమ కొవిడ్ టీకా వల్ల ‘చాలా అరుదుగా’ టీటీఎస్ రావచ్చని లండన్ హైకోర్టుకు ఇచ్చిన పత్రంలో ఆస్ట్రాజెనెకా ఒప్పుకున్నట్టు ఏప్రిల్ చివర్లో బయటికొచ్చింది. టీటీఎస్ అంటే ఒకవైపు రక్తం గడ్డకడుతూ, మరోవైపు ప్లేట్‌లెట్లు పడిపోయే స్థితి. మన కొవిషీల్డ్ ఆ టీకాయే. దేశంలో 170 కోట్లకు పైగా డోసులు పడ్డాయి. ఇన్నాళ్లూ దాచిన రహస్యం బయటపడిందని జనం అనుకున్నారు. ఒంట్లో రక్తం గడ్డలున్నాయేమో సూచించే డి-డైమర్ పరీక్ష చేయించుకోవాలా అని మూడేళ్ల కిందట టీకా వేసుకున్నవారు డాక్టర్లను అడగడం మొదలైంది.

దాచిన రహస్యమేమీ కాదు. ఐరోపా ఔషధ సంస్థ 2021 ఏప్రిల్‌లోనే ఈ సంబంధం ఉండవచ్చని చెప్పింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2021 మేలో లెక్క కూడా ఇచ్చింది: 26 కేసులు, 10 లక్షల డోసులకు 0.61. టీకా తర్వాత 20 రోజుల పాటు ఆయాసం, ఛాతీ నొప్పి, కాలోచేయో వాయడం, విడవని తలనొప్పి, సూదిపడిన చోటికి దూరంగా ఎర్రటి చుక్కలు కనిపిస్తాయేమో చూసుకోమంది. ఫిర్యాదు చేసినవారినే లెక్కపెట్టిన సంఖ్య కనుక అసలు సంఖ్య ఎక్కువే ఉండొచ్చు. పది రెట్లు వేసుకున్నా 10 లక్షలకు ఆరు. పైగా ఇది టీకా పడిన తొలి వారాల్లో వచ్చే సమస్య. మూడేళ్ల తర్వాత డి-డైమర్ చేయించి తెలుసుకునేదేమీ లేదు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, గర్భంతో ఉన్నా, ఆపరేషన్ జరిగినా, వయసు పైబడినా ఆ సంఖ్య పెరుగుతుంది. పెరిగిందని స్కానింగ్, స్కానింగ్‌లో ఏదో నీడ కనిపించిందని ఇంకో పరీక్ష... భయపడినవాడి జేబుకు చిల్లు.

మే మధ్యలో మరో పిడుగు పడింది, ఈసారి మన జీనోమ్ వ్యాలీ టీకా మీద. కొవాగ్జిన్ వేసుకున్నవారిలో దాదాపు మూడో వంతు మందికి ‘ప్రత్యేకంగా గమనించాల్సిన దుష్ప్రభావాలు’ వచ్చాయని బనారస్ హిందూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘డ్రగ్ సేఫ్టీ’ పత్రికలో రాశారు. మూడో వంతు అనగానే ఎవరికైనా గుండె జారుతుంది. ఆ అధ్యయనం ఎలా జరిగిందో చూడండి. 635 మంది కౌమారులు, 291 మంది పెద్దలు. టీకా వేసుకున్న ఏడాదికి ఫోన్ చేసి, ఏమైనా జబ్బు చేసిందా అని అడిగారు. చెప్పిన జబ్బును ఆస్పత్రి కాగితాలతో సరిచూడలేదు. దాదాపు సగం మంది చెప్పింది జలుబు, గొంతునొప్పి లాంటి ఇన్‌ఫెక్షన్లే. అన్నిటికంటే పెద్ద లోపం, టీకా వేసుకోనివారిని అడగలేదు. టీకా ఊసే లేకుండా ఏ వెయ్యి మందికి ఫోన్ చేసి గత ఏడాదిలో ఏం జబ్బు చేసిందని అడిగినా చాంతాడంత జాబితా వస్తుంది. పోల్చడానికి రెండో గుంపు లేనప్పుడు మూడో వంతు ఎక్కువో తక్కువో ఎవరూ చెప్పలేరు. భారత వైద్య పరిశోధన మండలి సరిగ్గా ఈ అభ్యంతరాలే లేవనెత్తింది. సెప్టెంబరులో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. పతాక శీర్షికల్లో వచ్చిన అధ్యయనం లోపలి పేజీల చిన్నవార్తగా వెళ్లిపోయింది.

పోలిక సరిగా చేస్తే ఎలా ఉంటుందో చెప్పే అధ్యయనమూ మన దేశంలో జరిగింది, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. యువకులు జిమ్‌లో, పెళ్లి బరాత్‌లో కుప్పకూలుతున్న వీడియోలు తిరుగుతున్న రోజుల్లో, అదే పరిశోధన మండలి 47 ఆస్పత్రుల పరిధిలో 18–45 ఏళ్లవారి ఆకస్మిక మరణాలు 729 తీసుకుంది. ఒక్కో మరణానికి అదే ప్రాంతంలో బతికి ఉన్న ఈడువాళ్లను నలుగురిని ఎంచి, 2,916 మందితో పోల్చింది. టీకా వేసుకోవడం వల్ల ఆకస్మిక మరణం ముప్పు పెరగలేదు. రెండు డోసులు వేసుకున్నవారిలో తగ్గింది. పెరిగింది ఎవరిలో? కుటుంబంలో అలాంటి మరణం ఉన్నవారిలో, కొవిడ్‌తో ఆస్పత్రిలో చేరినవారిలో, చనిపోవడానికి ముందు 48 గంటల్లో అతిగా మద్యం తాగినవారిలో, మత్తుమందులు వాడినవారిలో, ఒళ్లు విరిగేలా కసరత్తు చేసినవారిలో. 2023లో అచ్చయిన ఈ జాబితా గోడకు అంటించుకోదగ్గది. మద్యం మాట ఉన్నందుకేనేమో, వాట్సాప్ గ్రూపుల్లో దానికి చోటు దొరకలేదు.

శాతం చెప్పి సంఖ్య చెప్పకపోతే జరిగే నష్టానికి వైద్యరంగం ఎప్పుడూ తలుచుకునే ఉదంతం బ్రిటన్‌ది. 1995 అక్టోబరులో అక్కడి ఔషధ భద్రతా సంఘం, కొత్త తరం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని హెచ్చరించింది. నూరు శాతం పెరుగుదల! మహిళలు మాత్రలు మానేశారు. వాస్తవానికి 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుంది. తర్వాతి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో 13,000 గర్భస్రావాలు అదనంగా జరిగాయని అంచనా. గర్భంలో రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రలతో వచ్చేదానికంటే ఎక్కువన్నది ఆ హెచ్చరిక విన్నవారికి ఎవరూ చెప్పలేదు.

ముప్పయ్యేళ్లు గడిచినా తీరు మారలేదు. రోజు తిండంతా 8 గంటల వ్యవధిలోనే ముగించేవాళ్లలో గుండెజబ్బు మరణాలు 91 శాతం ఎక్కువని 2024 మార్చిలో షికాగోలో జరిగిన అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సదస్సులో చెప్పారు. 20,000 మంది అన్నారు సరే, 8 గంటల లోపే తిన్నవారు అందులో 414 మంది. వాళ్లు ఏ వేళ తిన్నారన్నది రెండు రోజుల జ్ఞాపకం మీద ఆధారపడిన సమాచారం. దాన్నిబట్టి ఏళ్ల తరబడి అలాగే తిన్నారని అనుకోవడం కష్టం. ఈ వార్త చూసి ఉపవాసం మానేసినా పెద్ద నష్టం లేదు. షుగర్ జబ్బుకు గ్లిమెపిరైడ్ మాత్రో ఇన్సులినో వాడుతూ, డోసు మార్చకుండా 16 గంటలు కడుపు మాడ్చుకునేవారికి షుగర్ పడిపోయే ప్రమాదం మాత్రం ఈ అధ్యయనం ఉన్నా లేకున్నా ఉంది.

మనసుకు సంబంధించిన పరిశోధనలు ఇంకా సున్నితం. మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం తగ్గడం వల్లే కుంగుబాటు వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని 2022 జులైలో బ్రిటన్ మానసిక వైద్యురాలు జొవానా మాంక్రీఫ్ బృందం పాత అధ్యయనాలను సమీక్షించి తేల్చింది. ‘అయితే కుంగుబాటుకు ఇచ్చే మాత్రలు వృథాయేనా’ అన్నది లోకం వెంటనే వేసిన ప్రశ్న. ఆ సమీక్ష మాత్రలు పనిచేస్తాయా లేదా అన్నది పరీక్షించలేదు. జ్వరం పారాసెటమాల్ లోపం వల్ల రాదు, అయినా పారాసెటమాల్ జ్వరాన్ని తగ్గిస్తుంది. నెలల తరబడి వాడుతున్న మాత్రను ఒక్కసారిగా ఆపితే కొద్ది రోజుల్లోనే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, తలలో కరెంటు షాకు కొట్టినట్టుండడం మొదలుకావచ్చు. పారాక్సెటిన్ లాంటివి ఒంట్లోంచి త్వరగా పోతాయి కాబట్టి వాటితో ఈ బాధ ఎక్కువ, ఫ్లూఆక్సెటిన్‌తో తక్కువ. జబ్బే తిరగబెట్టిందని ఇంట్లోవాళ్లు బెంబేలెత్తుతారు. ఆపాలనుకుంటే రాసిచ్చిన డాక్టరు చూస్తుండగా వారాల మీద, అవసరమైతే నెలల మీద డోసు తగ్గించుకుంటూ రావాలి. దగ్గర్లో మానసిక వైద్యుడు లేకపోతే 14416 నంబరులో టెలీ మానస్ ఉంది.

ఇదంతా చదివి, తప్పు జనానిదేనని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. చేతికందిన వార్తను బట్టి జనం స్పందిస్తారు. ఆ వార్తలో ఎంతమందిలో (లెక్కల్లో హారం అంటే అదే), ఎవరితో పోల్చి, ఎంతకాలం చూశారన్నవి రాలిపోతే, మిగిలేది భయమే. దానికి తోడు పాలకులు నేర్పిన అపనమ్మకం ఉంది. మూడో దశ సామర్థ్య ఫలితాలు రాకముందే 2021 జనవరిలో కొవాగ్జిన్‌కు ‘క్లినికల్ ట్రయల్ పద్ధతి’లో అనుమతి ఇచ్చారు. టీకా తర్వాత బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళితే, పరిహారం బాధ్యత తమది కాదని 2022 నవంబరులో కేంద్రం అఫిడవిట్ వేసింది. టీకా వల్ల తీవ్రంగా నష్టపోయినవారికి 1,20,000 పౌండ్లు ఇచ్చే చట్టం బ్రిటన్‌లో ఉంది. పది లక్షల్లో ఒకరికి జరిగేదే కావచ్చు, ఆ ఒక్కరి ఇంటికి అది నూటికి నూరు. వాళ్లను ఆదుకుంటామని ముందే చెప్పిన ప్రభుత్వం ‘అరుదు’ అంటే జనం నమ్ముతారు.

ఖమ్మం జిల్లా సంగతి ఇంకా పాతది. 2009 జులైలో అక్కడ 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. అదే సమయంలో, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సమ్మతి పత్రాల మీద సంతకాలు చేసిన సంగతి బయటపడింది. పార్లమెంటరీ సంఘం 2013లో దీన్ని కడిగేసింది. టీకా నిర్దోషిగా తేలినా, వేసిన పద్ధతి దోషిగా నిలబడింది. ఆ గాయం మీదే ఇప్పుడు అదే టీకా గురించి మాట్లాడాలి: 9–14 ఏళ్ల బాలికలకు దాన్ని ప్రోత్సహిస్తామని 2024 మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది.

కాబట్టి రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను మేము అడుగుతున్నది పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. ఏ మందుపైనా, టీకాపైనా కలవరపెట్టే అధ్యయనం వెలువడితే 24 గంటల్లో తెలుగులో ఒక పేజీ విడుదల చేయండి. శాతం పక్కన 10,000 మందిలో ఎంతమందో రాయండి. ఎవరితో పోల్చారో, పోల్చలేదో రాయండి. మందు వాడుతున్నవారు రేపు పొద్దున ఏం చేయాలో రాయండి: కొనసాగించాలా, డాక్టరును కలవాలా, ఏ లక్షణం కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి పోవాలా. తెలియనిది ఉంటే తెలియదనే రాయండి. ఆ పేజీ ఏఎన్ఎం ఫోనులోకి, మందుల దుకాణం కౌంటరు మీదికి, మా డెస్కులకు ఒకే సమయానికి రావాలి. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల బడుల్లో హెచ్‌పీవీ సూది పట్టుకునేముందు మాత్రం, ఆ కాగితం తల్లిదండ్రులకు చదివి వినిపించి, వాళ్ల ప్రశ్నలు విని, వాళ్ల సంతకమే తీసుకోవాలి. వార్డెన్‌ది కాదు.