కొనేముందు, చూసుకునే మనిషెవరో తేల్చుకోండి

విదేశాల్లో మన తెలుగు సంఘాల మహాసభలకు వెళితే హైదరాబాద్ రియల్ ఎస్టేట్ స్టాళ్లు తప్పకుండా కనిపిస్తాయి. ఒకపక్క కొండాపూర్, నల్లగండ్ల, తెల్లాపూర్ ఫ్లాట్లు. ఇంకోపక్క శంకర్‌పల్లి, మోకిల, షాద్‌నగర్ ఇళ్లు, ప్లాట్లు. అక్కడ మాటంతా గజం ఎంత, అయిదేళ్లలో ఎంతవుతుంది అనే. ఆ ఇంట్లో ఏడాది పొడుగునా ఉండేదెవరు, అర్ధరాత్రి మోటారు ఆగిపోతే చూసేదెవరు అని మాత్రం ఎవరూ అడగరు. ముందు తేలాల్సింది అదే. అమ్మానాన్నల కోసమైతే సిటీలో ఫ్లాటు కొనండి. మీరే తిరిగెళ్లి స్థిరపడతారంటే ఊరి బయట ఇల్లు కట్టుకోండి. కట్టి తాళం వేసి రావడానికైతే ఆ ఇల్లు వద్దే వద్దు.

ఫ్లాటంటే గాల్లో మేడ, కింద నేల మనది కాదు అని పెద్దవాళ్లు అంటారు. అందులో నిజం ఉంది. 500 గజాల్లో పది ఫ్లాట్లు కడితే ఒక్కోదానికి 50 గజాల నేల వాటా వస్తుంది. అదే ఎకరంలో, అంటే 4,840 గజాల్లో, 200 ఫ్లాట్లు లేపితే మీ వాటా 24 గజాలే. కట్టడం పాతబడేకొద్దీ విలువ నిలబెట్టేది నేలే కాబట్టి రిజిస్ట్రేషన్ కాగితంలో ఆ అంకె చూడకుండా సంతకం పెట్టకండి. కానీ డెబ్బై దాటిన తల్లిదండ్రులకు రోజూ పనికొచ్చేది ఆ గజాలు కాదు. జనరేటర్ మీద నడిచే లిఫ్టు, గేటు దగ్గర వాచ్‌మన్, తలుపు కొడితే పలికే పక్కింటివాళ్లు. చదరపు అడుగుకు 4 రూపాయల చొప్పున 1,800 అడుగుల ఫ్లాటుకు నెలకు 7,200 మెయింటెనెన్స్ అవుతుంది. దాన్ని దండగ అనుకునేవాళ్లు అదే పని ఊరి బయట ఒక్క ఇంటికి చేయించడానికి ఎంతవుతుందో లెక్కేసి చూడండి.

ఫ్లాటులో అసలు తగువులు బాత్‌రూమ్ దగ్గర మొదలవుతాయి. పైపుల కోసం అక్కడ స్లాబును కిందికి దించి, ఆ గుంటను చాలాచోట్ల ఇటుక ముక్కలతో, రాళ్లరప్పలతో నింపేస్తారు. పైపు జాయింటు ఒక్కటి వదులైతే నీళ్లు ఆ గుంటలోనే నిలుస్తాయి. కింది ఫ్లాటు సీలింగు మీద గోధుమరంగు మరక కనిపించేసరికి నెలలు గడిచిపోతాయి. అప్పుడు టైల్స్ పగలగొట్టి మళ్లీ వాటర్‌ప్రూఫింగ్ చేయించడం తప్ప దారి లేదు. ఖర్చు పైవాళ్లదా, కిందివాళ్లదా అని ఏడాది వాదన. టైల్స్ వేయకముందే 48 గంటలు నీళ్లు నిలిపి పరీక్షించారా అని బిల్డర్ని అడగండి. స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం తాళాలు ఇచ్చిన నాటి నుంచి అయిదేళ్లలోపు బయటపడిన కట్టుబడి లోపాలను బిల్డరే ఉచితంగా సరిచేయాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి, ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు.

ఊరి బయట కథంతా నీళ్లు, మురుగు. డ్రైనేజీ లైను రాని లేఅవుట్లో ప్రతి ఇంటికీ ఒక బోరు, ఒక సెప్టిక్ ట్యాంకు. రెంటి మధ్య కనీసం 50 అడుగులు ఉండాలి. 200 గజాల ప్లాటు అంటే సాధారణంగా 30కి 60 అడుగులు. ఉత్తరం ఫేసింగ్ ప్లాటులో వాస్తు ప్రకారం బోరు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో పెడితే మధ్య దూరం 30 అడుగులకు మించదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. మీ వాయవ్య మూలను ఆనుకునే పడమటింటివాళ్ల ఈశాన్యం ఉంటుంది. అంటే మీ సెప్టిక్ ట్యాంకు పక్కనే వాళ్ల బోరు, మీ బోరు పక్కనే తూర్పింటివాళ్ల సెప్టిక్ ట్యాంకు. వరుసంతా ఇదే తీరు. హైదరాబాద్ చుట్టూ చాలాచోట్ల కింద ఉన్నది గట్టి గ్రానైట్ రాయి. నీళ్లు దాని పగుళ్లలోనే పారతాయి, మురుగుకూ దారి అదే. అందుకే లేఅవుట్‌కు ఉమ్మడి మురుగు శుద్ధి ప్లాంటు ఉందా, అది నడుస్తోందా అని చూడండి. లేకపోతే బోరు నీళ్లను నైట్రేట్‌కు, కోలిఫామ్‌కు (మురుగు కలిసిందని చెప్పే బ్యాక్టీరియాకు) ఏటా పరీక్ష చేయించాల్సిందే.

ఇక తాళం వేసిన ఇల్లు. బాత్‌రూమ్ నేలలో నీళ్లు పోయే గుంటలో, అంటే ఫ్లోర్ ట్రాపులో, నిలిచే రెండంగుళాల నీళ్లే మురుగు వాసనను, బొద్దింకలను ఆపుతాయి. వేసవిలో అవి కొన్ని వారాల్లో ఆవిరైపోతాయి. తాళం వేసేముందు ఒక మగ్గు నీళ్లు పోసి, పైన ఒక చెంచా నూనె వేస్తే కొంతకాలం ఆగుతాయి. నెలల తరబడి నడపని బోరు మోటారు పట్టేస్తుంది. వారానికోసారి పావుగంటైనా ఆన్ చేయాలి. ద్వారబంధాలకు చెదలు పడతాయి. ఇవన్నీ చేయడానికి ఎవరో ఒకరు రావాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద బైకుకు అనుమతి లేదు, సర్వీస్ రోడ్డు పట్టుకుని రావాలి. అంత దూరం ప్రతివారం వచ్చే ప్లంబర్ దొరకడు.

వ్యవసాయ భూమిని ముక్కలు చేసి అమ్మే ఫామ్ ప్లాట్ల సంగతి మరీ జాగ్రత్త. అయిదు గుంటలు అంటే 605 గజాలు, వినడానికి బాగుంటుంది. కానీ విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనల ప్రకారం ఎన్నారైలు, ఓసీఐ కార్డున్న విదేశీ పౌరులు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. స్టాల్లో అమ్మేవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. లేఅవుట్లకు అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థలు హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ ఇచ్చిన లేఅవుట్ నంబరు లేనిదేదీ ముట్టుకోవద్దు. చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు, మ్యాపు చూడండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల వరకు బఫర్ జోన్, అంటే ఇళ్లు కట్టకూడని చోటు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఆ గీతలు కాగితం మీదే ఉండిపోతాయని ధీమాగా ఉండే రోజులు పోయాయి.

మనం సైటు చూసేది డిసెంబరు సెలవుల్లో. వానలు పడ్డాక అప్పటికి బోర్లలో నీళ్లుంటాయి, తోట పచ్చగా ఉంటుంది. అదే లేఅవుట్లో ఏప్రిల్, మే నెలలకు ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, కొనాలనుకునేవాళ్లే వచ్చి ఉండి చూడాలి. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన అయిదుగురికి 5,000 లీటర్ల ట్యాంకరు వారం వస్తుంది, మొక్కలకు పోయకపోతే. ఆ రెండు నెలల్లో ఎన్ని ట్యాంకర్లు తెప్పించారో, ఫోన్ చేసిన ఎంతసేపటికి వచ్చాయో రాసి పెట్టుకుని, ఆ తర్వాత అడ్వాన్సు ఇవ్వండి.