సంగీత పత్రిక జంట పుటల వారికి విన్నపం

మహారాజశ్రీ సంగీత మాసపత్రిక డిసెంబరు విశేష సంచికలో ఎదురెదురుగా తెరుచుకునే జంట పుటల వారి సముఖానికి, మైలాపూరు వాస్తవ్యుడైన ఒక తెలుగు పాఠకుడు సవినయంగా వ్రాసుకున్న విన్నపం.

ఉభయకుశలోపరి. త్యాగరాజ కృతి వినిపించని సభ అరుదైన ఈ చెన్నై నగరంలో, మార్గళి (ధనుర్మాసపు) కచేరీల నడుమ, ఒక గాయనితో జరిపిన ముఖాముఖిని చదువుకుందామన్న దురాశతో మిమ్మల్ని తెరిచాను. మీరు దర్శనమిచ్చి ఊరుకున్నారు.

పిన్ను కుట్టిన పలుచటి సంచికల్లో నట్టనడిమి జంట పుటలు ఒకే కాగితం కనుక అక్కడ ఎంత వెడల్పు బొమ్మ వేసినా చెల్లుతుంది. మీ సంచిక లావుపాటిది, వీపుకు జిగురు పూసి అట్ట అంటించినది. మీ ఎడమ పుట ఒక కాగితం, కుడి పుట మరొకటి. అది ఎరిగీ గాయనిని సరిగ్గా మడత మీదే కూర్చోబెట్టారు. ఆమె ముక్కుపుడక బైండింగు పాలయింది, ఒక కన్ను రెండోదానికంటే వెంట్రుకవాసి పైకి జరిగింది, వయొలిన్ విద్వాంసుడికి కమాను మాత్రం మిగిలింది. మృదంగం వారు క్షేమంగా బయటపడ్డారు గాని, ఆయన మీద ‘సంగీతమే నా ఊపిరి’ అన్న వాక్యాన్ని అరచేయంత అక్షరాల్లో అచ్చొత్తారు. ఆ మాట ముఖాముఖిలో ఎక్కడా లేదు. తాళం వేగం మారకుండా పల్లవిని మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పాడడానికి గురువు తనచేత ఎలా సాధన చేయించారో ఆమె నిజంగానే చెప్పారు. అది నాలుగో కాలమ్ అడుగున, నల్లటి పుట మీద, తెల్లటి చీమతలకాయంత అక్షరాల్లో ఉంది.

ఆ నలుపు నాలుగు సిరాలు కలిపి తీసినది. అందులో ఏ ఒక్కటి రవ్వంత జరిగినా, తెల్లగా వదిలిన సన్నటి గీతల్లోకి రంగు చొరబడుతుంది, చొరబడింది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే, పది పాయింట్ల అక్షరానికి పన్నెండు పాయింట్ల వరుస అన్న కొలతనే మన లిపికీ తొడిగినందువల్ల పై వరుసలోని ‘మంద్ర’ క్రావడి కింది వరుసలోని ‘కీర్తన’ గుడిదీర్ఘంలో దిగబడింది. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయన్న రహస్యం మీదాకా రాలేదు కాబోలు. ఇక వ్యాసం మొదటి మాట ‘త్యాగరాజస్వామి’: తొలి అక్షరాన్ని పెద్దది చేయబోయి పొల్లు ‘త్’ను మూడు వరుసల ఎత్తుకు లేపి, ‘యాగరాజస్వామి’ని పక్కన నిలబెట్టారు.

మీకు పూర్వీకులు లేకపోలేదు. అమెరికాలో పుటల రూపకర్త డేవిడ్ కార్సన్ 1994లో ‘రే గన్’ అనే సంగీత పత్రిక కోసం గాయకుడు బ్రయన్ ఫెర్రీ ముఖాముఖిని, అది చప్పగా ఉందని, అక్షరాలకు బదులు గుర్తులు మాత్రమే ఉండే జాఫ్ డింగ్‌బ్యాట్స్ ఫాంటులో కూర్చాడు. అది ఆయన అభిప్రాయం, దాచుకోలేదు. చక్కటి సంభాషణను, ఏ అభిప్రాయమూ లేకుండానే, అదే గతి పట్టించిన మీరు ఆయనకంటే ఒక మెట్టు పైనే ఉన్నారు.

‘మిగతా 58వ పుటలో’ అన్నారు. అందానికి అడ్డమని పుటల అంకెలు తీసేశారు గనుక వెతుక్కుంటూ వెళ్లి ఒక పట్టుచీరల ప్రకటన దగ్గర ఆగాను. చిరునామా, ఫోను నంబరు, తగ్గింపు ధర తెల్ల కాగితం మీద నల్లటి అక్షరాల్లో, కళ్లజోడు అవసరం లేకుండా కనబడ్డాయి. దాన్ని కూర్చిన మహానుభావుడెవరో విచారించి, రాబోయే సంచికలో మిమ్మల్ని ఆయనకే అప్పగించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
విధేయుడు