భక్తి తగ్గితే గోడలేం కావాలి?

దేశంలో భక్తి తగ్గిపోయిందని, అందుకే నీతీ నియమం గంగలో కలిశాయని టీవీ ప్రవచనాల్లోనూ కాలనీ వాట్సాప్ గ్రూపుల్లోనూ తెల్లారకముందే హెచ్చరికలు మొదలవుతున్నాయి. కొట్టిపారేసే విషయం కాదిది. 2011 జనాభా లెక్కల్లో 121 కోట్ల మందిలో మేం నాస్తికులం అని రాయించుకున్నవాళ్లు 33 వేల చిల్లర. ఉప్పల్ స్టేడియంలో కూర్చోబెడితే ఇంకా కుర్చీలు మిగులుతాయి. అంత కొద్దిమంది కలిసి ఇంత పెద్ద దేశాన్ని చెడగొట్టారంటే, ముందు వాళ్ల కష్టపడే గుణాన్ని మెచ్చుకోవాలి.

2019లో సర్వేలు చేసే అమెరికా సంస్థ ప్యూవాళ్లు 34 దేశాల్లో జనాన్ని అడిగారు, నీతిగా బతకాలంటే దేవుణ్ణి నమ్మాల్సిందేనా అని. మన దేశంలో 79 శాతం మంది అవునన్నారు, స్వీడన్‌లో 9 శాతం. అవినీతి ఎంత తక్కువగా ఉందో చెప్పే ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ సూచీలో 2024లో స్వీడన్‌కి నూటికి 80 మార్కులు, మనకి 38. ఈ సంగతి మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారి ముందు పెడితే ఆయన కాసేపు ఆలోచించి, "అక్కడ చలండీ, లంచం తీసుకోవాలన్నా జేబులోంచి చెయ్యి బయటికి రాదు" అన్నారు. ఇంతకంటే మంచి వివరణ నాకు ఏ ప్రొఫెసర్ దగ్గరా దొరకలేదు.

నాస్తికులు మరీ ఎగిరిపడనక్కర్లేదు. అదే 2019లో కొందరు పరిశోధకులు 40 దేశాల్లో 17 వేలకు పైగా పర్సులు "ఎవరిదో దొరికిందండీ" అంటూ కౌంటర్ల దగ్గర అప్పగించి, ఎన్ని తిరిగి సొంతదారుడికి చేరతాయో చూశారు. స్విట్జర్లాండ్, నార్వేలాంటివి పైన నిలిచాయి. అట్టడుగున, పాలించే కమ్యూనిస్టు పార్టీ అధికారికంగా దేవుణ్ణి ఒప్పుకోని చైనా ఉంది, దానికి దగ్గర్లోనే అల్లాని గట్టిగా నమ్మే మొరాకో ఉంది. పర్సు విషయంలో ఇద్దరూ భాయీ భాయీ.

విదేశీ లెక్కలు ఎందుకులెండి, మా బిల్డింగు మెట్లున్నాయి. కింద షాపులు, పైన ఇళ్లు. మొదటి అంతస్తు మలుపు దగ్గర మూలంతా గుట్కా ఉమ్ములతో ఎర్రగా ఉండేది. "ఇచ్చట ఉమ్మరాదు" అని బోర్డు పెడితే బోర్డు మీదే ఉమ్మారు. 500 జరిమానా అని రాస్తే ఆ 500 మీద ఉమ్మారు, గురి తప్పకుండా. చివరికి దేవుడి టైల్స్ తెచ్చి అతికించారు. వెంకటేశ్వరస్వామి, పక్కన మక్కా, ఆ పక్కన గొర్రెపిల్లని ఎత్తుకున్న యేసు, చివర్లో గురునానక్. ఏ అసెంబ్లీలోనూ కుదరని సర్వమత సామరస్యం మా మెట్ల మీద కుదిరింది, అదీ నేల నుంచి అడుగున్నర ఎత్తులో. మర్నాటి నుంచి అక్కడ ఒక్క చుక్క పడితే ఒట్టు.

కానీ వంగి చూడండి. గురునానక్ టైలు అంచు దాటాక సరిగ్గా అర అడుగు అవతల కొత్త మరక మొదలైంది, కింది మెట్టు దాకా కారింది కూడా. మనవాడి దృష్టిలో దేవుడు సర్వాంతర్యామే కానీ, టైలు అంచు దాటితే మాత్రం "ఇది మా స్టేషన్ పరిధి కాదు" అనే ఎస్సైలాంటివాడు. లంచం తీసుకున్న ఉద్యోగిని ఏసీబీవాళ్లు ఫినాఫ్తలీన్ పొడి పూసిన నోట్లతో పట్టుకుని, వేళ్లు ద్రావణంలో ముంచి గులాబీ రంగు తేలిందని చూపిస్తున్నప్పుడు, ఆ టేబుల్ వెనక లక్ష్మీదేవి పటానికి వేసిన దండ చాలాసార్లు ఆ పొద్దున్నే వేసినదై ఉంటుంది. పటం పరిధి పటానిది, సొరుగు పరిధి సొరుగుది. కాబట్టి జీహెచ్ఎంసీకి నా సలహా ఒకటే. కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా గోడకీ గోడకీ సందు లేకుండా టైల్స్ వేయించాలి, మూసీకి రెండువైపులా వేయించాలి, ఆఫీసుల్లో అయితే టేబుల్ సొరుగుల లోపల కూడా.

నరకం ఉండాలండీ అనేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర సరుకుంది. 2012లో అజీం షరీఫ్ అనే సైకాలజిస్టు ఒక సహ పరిశోధకురాలితో కలిసి 67 దేశాల లెక్కలు తీస్తే, నరకం ఉందని నమ్మేవాళ్లు ఎక్కువున్నచోట నేరాలు తక్కువగా, స్వర్గం ఉందని నమ్మేవాళ్లు ఎక్కువున్నచోట నేరాలు ఎక్కువగా కనిపించాయి. మనకి నరకం స్టాకు ఎప్పుడూ ఉండేది, మరుగుతున్న నూనె, వైతరణి, అన్నీ. పిల్లల కోసం చిన్న సైజువి కూడా ఉండేవి. అబద్ధమాడితే ఆడపిల్లలు పుడతారని భయపెట్టిన జాతి మనది. (ఆ నీతిపాఠం విని ఎంతమంది నిజాయితీపరులయ్యారో తెలీదు కానీ, ఆడపిల్లని శిక్షల జాబితాలో చేర్చడం మాత్రం బాగా వంటబట్టింది.) ఇప్పుడు గరుడ పురాణం ఎవరైనా పోతేనే బయటికి తీస్తారు, అప్పటికి వినాల్సినవాడు వెళ్లిపోయి ఉంటాడు.

చిత్రగుప్తుడి పని ఈ-చలాన్‌కి అప్పగించాం. బంజారాహిల్స్‌లో 2022లో కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచారు, ఊరంతా కెమెరాలు. కెమెరా ఉన్న సిగ్నల్‌కి యాభై గజాల ముందు హెల్మెట్ ట్యాంకు మీది నుంచి తలకెక్కుతుంది, దాటగానే దిగిపోతుంది. సరే, ఈ దేవుడైనా నిక్కచ్చిగా ఉంటాడనుకుంటే, 2022లో పెండింగ్ చలాన్ల మీద బైకులకి 75 శాతం మాఫీ. 2023 డిసెంబర్లో ఇంకాస్త కరుణించి 80 శాతం, కార్లకి 60. ఇంత పాపానికి ఇంత తక్కువలో ప్రాయశ్చిత్తం కాశీలో కూడా దొరకదు. ఫైన్ పడిన రోజే పూర్తిగా కట్టినవాడు ఇప్పటికీ ఇంట్లో భార్య ముందు తలెత్తుకోలేకపోతున్నాడు.

చిలుకూరు బాలాజీని ఇందులోకి లాగడం నాకిష్టం లేదు. హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు, నగరం చుట్టుపక్కల అంత నిక్కచ్చిగా నడిచే ఆఫీసు ఇంకొకటి చూపించండి. నా బాధ ఆయనతో కాదు, దరఖాస్తుదారులతో. 11 ప్రదక్షిణలు చేసి కుర్రాడు మొక్కుకునేది ఏమిటి? చదువయ్యాక ఇండియాకే తిరిగొచ్చేస్తానని తాను చెప్పబోయే మాటని నానక్‌రామ్‌గూడలో వీసా ఆఫీసరు నమ్మాలని. ఆఫీసరు నమ్ముతాడు, స్టాంపు పడుతుంది, కుర్రాడు మొక్కు తీర్చడానికి 108 ప్రదక్షిణలకి మళ్లీ వస్తాడు. అప్పుడు చూడాలి వాడి చేతిలోని గళ్ల కార్డు. ఒక్కో చుట్టుకీ ఒక్కో గడిలో పెన్నుతో టిక్కు. మధ్యలో ఫోనొచ్చి లెక్క తప్పిందనిపిస్తే, మొక్కు చెల్లకుండా పోతుందేమోనన్న టెన్షన్‌తో ఇంకో చుట్టు ఎక్కువే తిరుగుతాడు తప్ప తగ్గించడు. 107 తిరిగి 108 అని టిక్కు పెట్టినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. రెజ్యూమెలో రెండేళ్ల అనుభవాన్ని ఆరేళ్లు చేసినవాణ్ణి మాత్రం అమీర్‌పేటలో ఏ టీకొట్టు దగ్గరైనా చూడొచ్చు, ఒక్కోసారి ఇద్దరూ ఒకడే.

అందుకే నాకు భక్తి తగ్గిందంటే నమ్మబుద్ధి కాదు. దేవుడి బాకీ మనం పైసాతో సహా తీరుస్తాం. ఎగ్గొట్టేది మనుషుల బాకీయే.

దీనికి తలకిందులుగా బతికిన కుటుంబం ఒకటి తెలుగునాట ఉంది, వాళ్ల వ్యవహారం నాకెప్పుడూ అనుమానాస్పదమే. గోరా అని, గోపరాజు రామచంద్రరావు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడకి మార్చారు. కూతురికి దళిత యువకుడితో పెళ్లి కుదిర్చారు. ఆ పెళ్లి తన ఆశ్రమంలో చేయడానికి గాంధీ ఒప్పుకున్నారు. ఆయన హత్య జరిగాక 1948లో సేవాగ్రామ్‌లోనే అది జరిగింది. కొడుకు లవణం, కోడలు హేమలత స్టూవర్ట్‌పురం వెళ్లి, పుట్టుకతోనే దొంగలని ముద్రపడిన కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. పుణ్యం లేదు, స్వర్గంలో సీటు లేదు, వచ్చే జన్మకి ప్రమోషన్ లేదు. ఏం లాభం చూసుకుని చేశారండీ ఇదంతా? ఎవరైనా ఎంక్వైరీ వేయాలి.

ఇప్పటి నాస్తికులతో ఆ ఇబ్బంది లేదు. గచ్చిబౌలిలో రెండో పెగ్గు దగ్గర దేవుడు లేడని నిరూపించే కుర్రాళ్లు నాకు బాగానే తెలుసు. మ్యాట్రిమోనీ ప్రొఫైల్ తెరిచి చూస్తే మతం దగ్గర "ఏథిస్ట్", దాని కిందే కులం, ఉపకులం, గోత్రం, నక్షత్రం, పాదంతో సహా నింపి ఉంటాయి. తప్పేముంది? దేవుణ్ణి వదిలేస్తే ఖర్చేం లేదు, కులాన్ని వదిలేస్తే కట్నం పోతుంది.

ఇక భక్తి వల్ల మంచే జరగదా అంటే, జరుగుతుంది, కళ్లముందే. బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో వేలంలో 450 రూపాయలు పలికింది, 2024లో 30 లక్షల వెయ్యి. ఆ డబ్బు ఊరి బాగుకి వాడతారు. అదే పెద్దమనుషుల్ని ఊరి బాగు కోసమని ఇంటిపన్ను పెంచి కట్టమనండి, స్టే తెచ్చుకుంటారు. పన్ను రసీదు మీద లడ్డూ బొమ్మ వేసి చూడాలి.

బాలాపూర్‌ని చూసి మా అపార్ట్‌మెంట్‌లోనూ లడ్డూ వేలం మొదలుపెట్టాం. పెట్టేముందు మీటింగులో డబ్బు ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న వచ్చింది. మూడో అంతస్తులో రిటైరైన లెక్కల మాస్టారున్నారు, దేవుడికి దణ్ణం పెట్టరు, ప్రసాదం ఇస్తే మాత్రం తింటారు. దేవుణ్ణే నమ్మనివాణ్ణి మనమెలా నమ్మాలి అని ప్రెసిడెంటు గారు చాలాసేపు మాట్లాడారు, బాగా మాట్లాడారు, రెండుచోట్ల శ్లోకం కూడా చదివారు. తర్వాత ట్రెజరర్‌గా ఎవరుండాలని చేతులెత్తమంటే భక్తులందరూ ఒక్క చేతిలా మాస్టారికే ఎత్తారు, ప్రెసిడెంటు గారితో సహా. ఒకావిడ నెమ్మదిగా అసలు కారణం చెప్పింది: "ఆయనకి తిరుపతి వెళ్లి గుండు కొట్టించుకుని లెక్క సరిచేసుకునే వీల్లేదు కదండీ, పాపం."

చందాగా ఎవరు పది రూపాయలిచ్చినా మాస్టారు రసీదు రాస్తారు. నిమజ్జనం అయిన మర్నాడు జమాఖర్చులు నోటీసు బోర్డు మీద పెట్టారు, దాని కింద వేలంలో గట్టిగా పాడి ఇంకా డబ్బు కట్టనివాళ్ల పేర్లు ఫ్లాట్ నంబర్లతో సహా. మొదటి పేరు ప్రెసిడెంటు గారిది. 80 శాతం మాఫీ ఏమైనా ఉంటుందా అని ఆయన గ్రూపులో అడిగారు.