గాలిగారూ, గీత దాటకండి

గాలికి చదువు రాదనీ, ఇష్టమొచ్చినట్టు వీస్తుందనీ మనలాంటి పామరులం అనుకుంటాం. అమెరికా కాంగ్రెస్ గాలిని అంత చులకన చేయలేదు. 1990లో క్లీన్ ఎయిర్ యాక్ట్‌ని సవరిస్తూ గల్ఫ్‌లో (మనవాళ్లు వీసా మీద వెళ్లే గల్ఫ్ కాదు, మెక్సికో పక్కది) 87 డిగ్రీల 30 నిమిషాల పశ్చిమ రేఖాంశాన్ని గీతగా పెట్టి, మర్యాదగల గాలి దాన్ని దాటదని నమ్మింది.

గీతకు తూర్పున, ఫ్లోరిడా వైపు, సముద్రంలో చమురు కోసం డ్రిల్లింగ్ చేస్తే ఆ పొగ సంగతి ఈపీఏ (అక్కడి పర్యావరణ రక్షణ సంస్థ) చూస్తుంది. రాష్ట్రం హద్దు నుంచి 25 మైళ్ల లోపున్న రిగ్గుకి ఒడ్డు మీది ఫ్యాక్టరీకున్న రూల్సే. పడమట, లూసియానా, టెక్సాస్ వైపు, పెత్తనం ప్రభుత్వ భూములు చూసుకునే ఇంటీరియర్ శాఖది. సముద్రాన్ని బ్లాకులుగా కోసి వేలం వేసేదీ ఆ శాఖే. చేను కౌలుకిచ్చిన ఆసామే పక్క చేనువాళ్ల గోడు కూడా వింటాడన్నమాట. బావులు దాదాపు అన్నీ పడమటే ఉండటం కాకతాళీయం. 2011 చివర్లో, ఈపీఏ పర్మిట్లు ఆలస్యమవుతున్నాయని గొడవ రాగానే, అలాస్కా ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రాన్నీ ఆ శాఖకే అప్పగించారు. మార్కులు తక్కువేసే మాస్టారిని మార్చేసినట్టు.

పడమటి పొగకి ఒక సూత్రం ఉంది. ఒడ్డు నుంచి దూరాన్ని మైళ్లలో తీసుకుని 33.3తో గుణించాలి. ఏడాదికి అన్ని టన్నుల నైట్రోజన్ ఆక్సైడ్లు దాటనంతవరకు ఇక ఏ పరిశీలనా అక్కర్లేదు. పది మైళ్లకి 333 టన్నులు, వంద మైళ్లకి 3,330. సల్ఫర్ డయాక్సైడ్‌కి విడిగా మళ్లీ అంత. దూరపు కొండలే కాదు, దూరపు పొగా నునుపే. కార్బన్ మోనాక్సైడ్‌కైతే దూరానికి 2/3 ఘాతం వేసి 3,400తో గుణించాలట. ఇంటర్లో ఎంపీసీ తీసుకోని గాలి గతేమిటో! పైగా ఏ ఫెసిలిటీ లెక్క ఆ ఫెసిలిటీదే.

రిగ్గు మీద డీజిల్ జనరేటర్లు రాత్రింబవళ్లు మోగుతుంటాయి, సప్లై బోట్లు తిరుగుతుంటాయి, మిగులు గ్యాస్‌ని తగలబెట్టే ఫ్లేర్ మండుతుంటుంది. మధ్యాహ్నానికి గాలి ఒడ్డుకి మళ్లుతుంది. ఎండలో ఆ పొగే ఊపిరికి అడ్డుపడే ఓజోన్ అయి, ఇన్‌హేలర్ పట్టుకున్న పిల్లాడి దాకా వస్తుంది. దారిలో ఆపి, "నువ్వు ఎన్నో మైలు పొగవి?" అని అడిగే చెక్‌పోస్టు లేదు.

ఒక్క ధర్మసందేహం. సూత్రంలో దూరం ఒడ్డు నుంచి కొలుస్తారు. మరి రొయ్యల పడవలో వెళ్లి ప్లాట్‌ఫాం పక్కనే వల వేసేవాడి సంగతి? ముక్కు ఇంటి దగ్గర వదిలి వెళ్లాలి కాబోలు.