షియాన్‌లో కనీసం వారం ఉండాలి

చైనాలోని షియాన్ నగరం. ముస్లింల పేటలో ఒక చిన్న హోటల్. కూర్చోగానే ఖాళీ గిన్నె, రెండు గట్టి రొట్టెలు, ఒక నంబరు బిళ్ల తెచ్చి పెట్టారు. కూర ఏదని చూస్తుంటే పక్క బల్ల దగ్గరి పెద్దాయన తన గిన్నె చూపించాడు. రొట్టెను శనగగింజంత ముక్కలుగా తుంచుతున్నాడు. నా ముక్కలు చూసి తల అడ్డంగా ఊపి, ఇంకా చిన్నవి చెయ్యమని వేళ్లతో సైగ చేశాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ గిన్నె వంటింట్లోకి వెళ్లింది. గొర్రె మాంసం పులుసులో నా ముక్కలు ఉడికి, నంబరు ప్రకారం మళ్లీ నా దగ్గరికే వచ్చాయి. పక్కన తియ్యగా ఊరిన వెల్లుల్లి, ఎర్ర కారం ముద్ద. దీని పేరు యాంగ్‌రౌ పావ్‌మో. జొన్నరొట్టె నలిపి మటన్ పులుసులో నానేసుకునేవాళ్లకు ఇది పరాయి తిండిలా అనిపించదు.

అంతకుముందు ప్యాకేజీ టూర్‌లో ఇదే ఊరికి వచ్చాను. ఒకటిన్నర రోజు. 1974లో బావి తవ్వుతున్న రైతులకు బయటపడిన, చైనా తొలి చక్రవర్తి సమాధికి కాపలాగా పాతిపెట్టిన మట్టి సైనికుల బొమ్మల దగ్గర రెండు గంటలు కూడా ఉండనివ్వలేదు. భోజనం వేళయిందని బస్సెక్కించి, ఊరికి ఆ చివరనున్న ఇండియన్ రెస్టారెంట్‌లో పప్పు, రోటీ పెట్టించారు. అంత దూరం వెళ్లి ఆ ఊరి ముద్ద నోట్లో పెట్టకుండా తిరిగొచ్చామన్న బాధ నాకు చాలాకాలం ఉండిపోయింది. అందుకే రెండోసారి భుజాన బ్యాగు వేసుకుని, హాస్టల్లో మంచం తీసుకుని, ఒక్క ఊళ్లోనే ఉండిపోయాను.

చైనాలో 'పాత వీధి' అని బోర్డు పెట్టినవి చాలావరకు పర్యాటకుల కోసం కొత్తగా కట్టినవే. చరిత్ర చెక్కుచెదరకుండా మిగిలింది వంటింట్లోనే అని నా నమ్మకం. ముస్లిం పేటలో మాంసం చువ్వల మీద చల్లే జీలకర్రనే చూడండి. దాన్ని అక్కడ జిరాన్ అంటారు. ఆ మాట చైనా వాయవ్యాన ఉండే ఉయ్గుర్ ముస్లింల భాష నుంచి వచ్చింది, మన జీరాకు దగ్గరి చుట్టం. పట్టు దారి (సిల్క్ రోడ్) వెంట వచ్చిన అరబ్బు, పారశీక వర్తకులు తాంగ్ రాజుల కాలంలో (ఏడు నుంచి పదో శతాబ్దం దాకా) ఇక్కడ స్థిరపడ్డారు. ఈ పేటలో ఉండే, చైనా భాష మాట్లాడే హుయి ముస్లింల మూలాలు అక్కడికే వెళ్తాయి. వాళ్ల పెద్ద మసీదుకు గుమ్మటం ఉండదు. చైనా గుడిలాగే పెంకుల కప్పు, లోపల అరబిక్ రాత. ఇటీవలి సంవత్సరాల్లో ప్రభుత్వం దేశమంతటా ఎన్నో మసీదుల గుమ్మటాలు, అరబిక్ బోర్డులు తీసేయించింది. ఆ సంగతి తెలిసి వెళ్తే ఆ పేటలో నడక వేరుగా ఉంటుంది.

ఇంకో వీధిలో బియాంగ్‌బియాంగ్ నూడుల్స్. పిండిని బల్లకేసి కొడుతూ బెల్టంత వెడల్పు సాగదీస్తారు. ఉడికించి, పైన కారప్పొడి, వెల్లుల్లి వేసి, పొగలొచ్చే నూనె గరిటెతో పోస్తారు. చుంయ్‌మంటుంది. మన తాలింపు ఘాటే ముక్కుకు తగులుతుంది. శాకాహారులకు మాత్రం ఇబ్బందే, అడిగి తినాలి. వీసా ముందే తీసుకోవాలి. గూగుల్ పనిచేయదు కాబట్టి అక్కడి మ్యాప్, ఫోన్‌తో చెల్లించే అలీపే సిద్ధం చేసుకోవాలి. 2020లో ఆగిపోయిన, మన దేశం నుంచి చైనాకు నేరుగా వెళ్లే విమానాలు 2025 అక్టోబరులో కోల్‌కతా నుంచి మళ్లీ మొదలయ్యాయి. సరిహద్దు గొడవ తీరలేదు కదా అని ఆగిపోయేవాళ్లున్నారు. నా మాట వేరు. గొడవ ఉన్న దేశం గురించే మనం సొంత కళ్లతో ఎక్కువ తెలుసుకోవాలి.

చివరి రెండు రోజులు పెద్ద హంస గోపురం దగ్గరే గడిపాను. మనం హ్యూయన్ త్సాంగ్ అని బడిలో చదువుకున్న బౌద్ధ భిక్షువు 645లో భారతదేశం నుంచి తిరిగొచ్చి, తెచ్చిన గ్రంథాలు భద్రపరచడానికి 652లో దీన్ని కట్టించాడు. మన కృష్ణా తీరానికీ వచ్చాడాయన. ధాన్యకటకంలో, అంటే ఇప్పటి అమరావతి ప్రాంతంలో, నెలల తరబడి ఉండి అక్కడి భిక్షువుల దగ్గర అభిధర్మం అనే బౌద్ధ తత్వశాస్త్రం చదివాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. ఆ నెలల్లో ఆయన మన ఊళ్లో ఏం తిన్నాడో, అన్నం ఎలా కలుపుకోవాలో ఎవరు చూపించారో అని ఆ మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను.