275 మీటర్ల పర్యావరణ పరిరక్షణ

గాలి కాలుష్యానికి మన ప్రభుత్వం దివ్యౌషధం కనిపెట్టింది. దాని పేరు ఎత్తు. 2025 జూలైలో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌తో దేశంలోని బొగ్గు విద్యుత్ యూనిట్లలో నూటికి దాదాపు డెబ్బై ఎనిమిదింటికి సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి బెడద తప్పింది. ఊరికే కాదండోయ్, షరతు ఉంది: 2029 డిసెంబరు 31 కల్లా పొగగొట్టాలు తగినంత పొడుగుండాలి. 500 మెగావాట్లు, ఆ పైన అయితే 275 మీటర్లు. 200 దాటి 500 లోపయితే 220. అంతకంటే చిన్న యూనిట్లకు ఒక సూత్రం ఉంది. గంటకు ఎన్ని కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వదులుతున్నారో ఆ అంకెను 0.3 ఘాతానికి తీసుకెళ్లి 14తో గుణించాలి, వచ్చినన్ని మీటర్లు కట్టాలి. సూత్రంలోని సొగసు చూశారా? తక్కువ వదలమని ఎక్కడా అనదు. ఎక్కువ వదిలేవాడు ఇంకాస్త పైనుంచి వదలాలి, అంతే.

"మన బొగ్గులో గంధకం తక్కువండీ" అనే మాట ఈ పాటికి మీరూ వినే ఉంటారు. నిజమే, సుమారు అర శాతం. 500 మెగావాట్ల యూనిట్ పూర్తి లోడులో నడిస్తే రోజుకు కోటీ ఇరవై లక్షల యూనిట్ల కరెంటు. దానికి 8,000 టన్నుల బొగ్గు. అందులో అర శాతమంటే 40 టన్నుల గంధకం. కాలేటప్పుడు అది ఆక్సిజన్‌ను కలుపుకొని బరువు రెట్టింపవుతుంది కాబట్టి, బూడిదలో మిగిలే కాస్త పోగా, 80 టన్నులకు అటూ ఇటుగా సల్ఫర్ డయాక్సైడ్. ఒక్క యూనిట్‌ది, ఒక్క రోజుది. పైగా మన బొగ్గులో మూడో వంతుకు మించి బూడిదే. వేడి చాలదు కాబట్టి అదే కరెంటుకు ఎక్కువ బొగ్గు తగలెయ్యాలి. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

పైకి పోయిన 80 టన్నులు దేవుడి దగ్గరికి పోవు. గంటల నుంచి రోజుల పాటు గాలిలో తిరిగి, మబ్బుల్లో నీటి బొట్లలోని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారతాయి. అదే పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు నైట్రిక్ ఆమ్లమవుతాయి. మామూలు వాన కూడా కార్బన్ డయాక్సైడ్ వల్ల కాస్త పుల్లనే, పీహెచ్ 5.6. అది 4.6కి దిగితే ఆమ్లత్వం ఒక పాయింటు కాదు, పది రెట్లు పెరిగినట్టు. గొట్టం ఎంత పొడుగైతే పొగ గాలిలో అంత ఎక్కువ సేపు ఉంటుంది, ఆమ్లంగా మారడానికి అంత తీరిక దొరుకుతుంది. ఈ ప్రయోగం బ్రిటన్ ఎప్పుడో చేసిపెట్టింది. లండన్ పొగమంచు బాధ పడలేక పొడుగు గొట్టాలు కట్టింది, దక్షిణ నార్వే నదుల్లో సాల్మన్ చేపలు చచ్చాయి. ఆమ్లం మట్టిలోని అల్యూమినియాన్ని కరిగించి నీళ్లలోకి తోస్తే, అది మొప్పలకు పట్టి చేపకు ఊపిరాడదు. ఆ ఆమ్లం ఎక్కడి నుంచి వస్తోందో స్వాంటే ఓడెన్ అనే స్వీడిష్ శాస్త్రవేత్త 1967లోనే పత్రికకెక్కి మరీ చెప్పాడు. మన చెత్త పక్కింటి పెరట్లో పోసి వాకిలి కడిగి ముగ్గేసుకోవడాన్ని పారిశుధ్యం అనరని అతని గోల.

మన దగ్గర అలాంటి గోల కుదరదు, ఎందుకంటే మనకు కేటగిరీలున్నాయి. ఢిల్లీ రాజధాని ప్రాంతానికో, పది లక్షల జనాభా దాటిన నగరానికో పది కిలోమీటర్లలోపు ఉంటే 'ఏ' కేటగిరీ. బాగా కలుషితమైన ప్రాంతాలకు అంతే దగ్గరుంటే బీ. మిగతాదంతా సీ, అంటే మినహాయింపు. జనాభా కూడా 2011 లెక్కల ప్రకారమే. కాబట్టి సీ కేటగిరీ గొట్టంలోంచి బయల్దేరిన సల్ఫర్ డయాక్సైడ్ పదో కిలోమీటరు రాయి దగ్గర మర్యాదగా ఆగుతుంది. టోల్‌గేటులో కేటగిరీ సర్టిఫికెట్ చూపిస్తుంది. "నగరం లోపలికి నీకు అనుమతి లేదమ్మా" అంటారు. "అయ్యో, గాలి ఇటే వీస్తోందండీ" అంటుంది. "గాలి పేరు నోటిఫికేషన్‌లో లేదు" అంటారు. పాపం, బండి వెనక్కి తిప్పుకొని పల్లెల మీదుగా చుట్టు తిరిగి పోతుంది. ఈలోగా జనాభా పది లక్షలు దాటిన ఊరేదైనా దారిలో తగిలితే, "2011లో నువ్వెంత?" అని అడిగి మరీ దిగుతుంది.

ఇక మినహాయింపుకు ప్రభుత్వం చెప్పే అసలు వాదన. ఊళ్లలో మీటర్లు పెట్టి కొలిచారట, సల్ఫర్ డయాక్సైడ్ 24 గంటల పరిమితి 80 మైక్రోగ్రాముల లోపే ఉందట. ఉండదా మరి! అది అప్పటికే సల్ఫేటు రేణువైపోయింది, మీరు ఇంకా వాయువునే వెతుకుతున్నారు. ఆ రేణువు పీఎం 2.5, అంటే గాలిలోని సన్న ధూళి, ఖాతాలో పడుతుంది, పీఎం 2.5 నింద రైతు తగలబెట్టిన గడ్డి మీద పడుతుంది. రామగుండంలో, పాల్వంచలో, ఇబ్రహీంపట్నంలో పుట్టిన పిల్ల ఊపిరితిత్తుల్లోకి పోయేది వాయువా రేణువా అన్నది మీ ఫైలుకు ముఖ్యం, ఆ పిల్లకు కాదు. తెలియక చేసిన పని అయితే సరే అనుకోవచ్చు. రసాయనశాస్త్రం చదివినవాళ్లే సంతకాలు పెట్టారు. సిగ్గుండాలి.

"ఇండియాలో ఆమ్ల వర్షాలు లేవు" అనేవారికి ఇన్నాళ్లూ అండగా నిలిచింది మన దుమ్ము. అందులోని సున్నం ఆమ్లాన్ని విరిచేస్తుంది. రోడ్లు ఊడ్వని మునిసిపాలిటీలకు పర్యావరణ పురస్కారాలు బాకీ ఉన్నామన్నమాట! పొలాల నుంచి లేచే అమ్మోనియా కూడా విరుస్తుంది గానీ, మట్టిలో పడ్డాక అదే మళ్లీ నైట్రిక్ ఆమ్లమై అప్పు తీర్చుకుంటుంది. 1987 నుంచి 2021 దాకా వాననీళ్లు పరీక్షించిన వాతావరణ శాఖ, పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు ఆమ్లం వైపు జారుతున్న చోట్లలో విశాఖపట్నం పేరు రాశారు. కొండల మధ్య గిన్నెలాంటి ఊరు, రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, ఓడలు. సున్నపు గడ్డలున్న నల్లరేగడి కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, ఉత్తరాంధ్ర ఎర్ర నేలల్లో ఆ నిల్వ తక్కువ. కాల్షియం, మెగ్నీషియం కొట్టుకుపోయాక రైతు సంచీలతో సున్నం కొనాలి.

ఇంతా చేసి విరుగుడు కూడా ఆ సున్నపురాయే. పొగలోంచి గంధకాన్ని తీసేసే ఆ ఏర్పాటును ఎఫ్‌జీడీ అంటారు, బ్రహ్మవిద్యేం కాదు. పొగను ఒక టవర్లోకి పంపి సున్నపురాయి పిండి కలిపిన నీళ్లు పైనుంచి చిమ్ముతారు, అడుగున గాలి ఊదుతారు, జిప్సం దిగుతుంది. టన్ను వాయువుకు టన్నున్నర పైచిలుకు రాయి, రెండున్నర టన్నుల పైగా జిప్సం. నూటికి తొంభై పైనే వాయువు ఆగుతుంది. ద్రావణం పీహెచ్ 5, 6 మధ్య ఉంచాలి. తగ్గితే వాయువు సరిగా పట్టదు, పెరిగితే గార కట్టి నాజిళ్లు మూసుకుపోతాయి. ఒకటి, ఒకటిన్నర శాతం కరెంటు సొంతానికి ఖర్చు. రాయికి కరువా? పల్నాడు, నల్లగొండ, తాండూరు నిండా అదే. జిప్సం పక్కనే సిమెంటు ఫ్యాక్టరీలకు కావాలి.

2015 డిసెంబరులో ఈ సల్ఫర్ డయాక్సైడ్ నిబంధన పెట్టి రెండేళ్లు గడువిచ్చారు. గడువు 2022కి పోయింది, అక్కడి నుంచి 2026కి, అక్కడి నుంచి 2029కి. ఆ పైన జరపడానికి విసుగొచ్చి సీ కేటగిరీకి నిబంధననే తీసేశారు. నిజాయితీగా డబ్బు పెట్టి ఎఫ్‌జీడీ కట్టుకున్న విద్యుత్ కేంద్రం ఇప్పుడు వెర్రిబాగులదైంది.

సరే, ఎత్తే మార్గమన్నారు కాబట్టి ఒక సూచన. కెనడాలోని సడ్‌బరీలో 1972లో 381 మీటర్ల గొట్టం వాడకంలోకి వచ్చింది. ఊరి గాలి తేటపడింది, పొగ వందల కిలోమీటర్లు పోయింది. చివరికి లోపలే గంధకాన్ని పట్టుకోవడం నేర్చుకుని 2020లో దాని వాడకం మానేశారు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తుందేమో, పర్యావరణ శాఖ ఒక టెండరు పిలవాలి. 106 మీటర్లు ఎక్కువే ఉంది, ఒక కేటగిరీ అదనంగా పెట్టుకోవచ్చు.