మా బాబాయి ట్రక్కుకు అడుగు వేసిన వైనం

దేశం ముందు చాలా సమస్యలున్నాయి. వాటి సంగతి చూడ్డానికి ఢిల్లీలో మనుషులున్నారు కాబట్టి నేను ఆ జోలికి పోను. వాళ్లు పట్టించుకోనిదీ, పట్టించుకున్నా తేల్చలేనిదీ ఒక ప్రశ్న మా గోదావరి డెల్టా ఊళ్లో సంక్రాంతి నుంచి నలుగుతోంది. ట్రాక్టరు ట్రక్కు అడుగుకు చెక్క వేయించాలా, ఇనప రేకు వేయించాలా?

ట్రక్కు అని మేమంటాం. కొన్నిచోట్ల ట్రాలీ అంటారు, కొన్నిచోట్ల తొట్టి అంటారు. పేరు మీద కూడా తగాదా పెట్టుకుంటే ఈ వ్యాసం ఖరీఫ్ దాకా సాగుతుంది.

గొడవ మొదలైంది మా బాబాయి కాలుతో. పండక్కి ముందు పెంట తోలుతూ ఆయన ట్రక్కులోకి ఎక్కాడు. అడుగు మీద అడుగు వేశాడు. పాత చెక్క పుటుక్కున విరిగి కాలు మోకాలి దాకా కిందికి దిగిపోయింది. పైనుంచి చూస్తే బాబాయి, కిందనుంచి చూస్తే ఒక చెప్పు. ఆ కాలు బయటికి లాగడానికి పావుగంట పట్టింది. ఆ కంతలో ఏం వేయాలో తేలడానికి దాళ్వా (రెండో పంట) కోతల దాకా పట్టింది.

సభాస్థలి టీ కొట్టు. చెక్క పక్షాన కలప అడితి ఆయన, ఇనుము పక్షాన వెల్డింగు షాపు కుర్రాడు వాదించారు. ఇద్దరూ ఊరి మేలు తప్ప మరొకటి ఎరగనివాళ్లు. అధ్యక్షత రిటైరైన హెడ్మాస్టారిది. ఆయనకు ట్రాక్టరు లేదు, ట్రక్కు లేదు, పొలం కూడా కౌలుకిచ్చేశారు. నిష్పక్షపాతానికి అంతకన్నా అర్హత ఏం కావాలి?

అడితి ఆయన చరిత్రతో మొదలుపెట్టాడు. ఎడ్లబండి చక్రం నడుమ కుండ చెక్కదే, దాని చుట్టూ ఆకులు చెక్కవే, కాడి చెక్కదే. ఇనుముకు దొరికిన చోటల్లా చక్రం చుట్టూ బయట పట్టాగా తిరగడమే. దాన్నిబట్టి ఇనుము మర్యాద ఎక్కడిదాకానో పెద్దలు ముందే నిర్ణయించారట. లారీ బాడీలకు కూడా తరతరాలుగా అడుగున చెక్కే వేశారు, కావాలంటే విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లి పాత మేస్త్రీలను అడగండి అన్నాడు. “నల్లతుమ్మ చేవ చూడండి మాస్టారూ, మేకు దిగదు. చేవ ఉన్న చెక్క ముందు రేకెంత?” సభ చప్పట్లు కొట్టింది. నిన్న మొన్నటిదాకా బాబాయి కాలి కింద ఉన్నదీ చెక్కే కదా, దాని చేవ ఏమైందని ఎవరూ అడగలేదు. అడగాల్సిన మనిషి మోకాలికి జండూబామ్ రాసుకుంటున్నాడు.

నిజం చెప్పాలంటే విరిగింది చేవ కాదు. చెట్టు లోపల ముదురు రంగులో ఉండేది చేవ, దాని చుట్టూ ఉండే లేత భాగం తెల్ల. తెల్లను పురుగు ఇష్టంగా తింటుంది. కోత మిల్లులో చేవకీ తెల్లకీ ఒకటే రేటు పడింది కాబట్టి బాబాయి ఆ రోజుల్లో రెండూ కలిపి ఇంటికి తెచ్చుకున్నాడు. పైగా పచ్చి చెక్క. ఆరేదాకా ఆగే ఓపిక ఆయనకు లేదు. కాబట్టి అది ట్రక్కులోనే ఆరింది, ఆరుతూ వంకర తిరిగింది.

ఇక వెల్డింగు కుర్రాడు లేచాడు. వాడు చరిత్ర జోలికి పోకుండా నేరుగా రాష్ట్ర గౌరవంలోకి దిగాడు. “విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు!” అన్నాడు. అంతే. 1966 నాటి నినాదం వినేసరికి పెద్దవాళ్లకు ఒళ్లు పులకరించింది. రేకు వేయించకపోతే రాష్ట్రానికి ద్రోహం చేసినట్టే అన్న వాతావరణం ఏర్పడింది. నేనే తెలివితక్కువగా నోరు జారాను. విశాఖ ఉక్కులో తయారయ్యేవి కడ్డీలు, తీగలు, యాంగ్యులర్లు, ఛానళ్లు. ట్రక్కు అడుగున పరిచే షీటు అక్కడిది కాదు. అంటే మన హక్కు ఛాసిస్ దాకా వచ్చి ఆగిపోతుంది. దాని మీద పరిచేది పరాయి రాష్ట్రాల వాళ్ల హక్కు. ఈ మాట అన్న దగ్గర్నుంచి ఆ టీ కొట్టులో నా టీకి పంచదార తగ్గింది.

తర్వాత మందం సమస్య వచ్చింది. ఇనప రేకు మందం గేజిల్లో చెబుతారు. ఈ గేజి అనేది మా ఊరి లెక్కలకు పూర్తిగా విరుద్ధం, అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. 10 గేజి మూడు మిల్లీమీటర్ల పైన ఉంటే, 14 గేజి రెండు మిల్లీమీటర్లే. పక్క వీధి బావ ఒకాయన కిందటేడాది “నీకు పది, నాకు పద్నాలుగు” అని ఊరంతా చెప్పుకుని మరీ 14 గేజి వేయించాడు. అందులో మొదటి ట్రిప్పు గ్రావెల్ పోయగానే అడుగు ఊయలలా కిందికి జారింది. ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు. గ్రావెల్ కుదురుగా కూర్చోవడానికి కావాలనే అలా చేయించానంటాడు.

బరువు దగ్గర ఇరుపక్షాలూ చొక్కాలు పట్టుకున్నంత పని చేశాయి. రేకు బరువని వీళ్లు, చెక్క బరువని వాళ్లు. డీజిలు లీటరు లెక్కలు, టైర్ల అరుగుదల లెక్కలు, అన్నీ గాలిలోనే. చివరికి నేను కాగితం మీద వేశాను. బాబాయి ట్రక్కు అడుగు 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. మూడు మిల్లీమీటర్ల రేకైతే సుమారు 130 కిలోలు. ఒకటింపావు అంగుళాల మందాన బాగా ఆరిన నల్లతుమ్మైతే సుమారు 140 కిలోలు. తేడా పది కిలోలు. ఆ పది కిలోల కోసం రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేశాయి. ఈ ట్రక్కులోనే కోతల్లో బస్తాకు 75 కిలోల లెక్కన 80 బస్తాలు, అంటే 6 టన్నులు ఎక్కిస్తారు. ఆ 6 టన్నుల గురించి ఎవరికీ ఏ అభిప్రాయమూ లేదు. అది దైవనిర్ణయం.

చెక్కకు ఊళ్లో గట్టి మద్దతుదారులు కోళ్లు. ఎలాగో చెబుతాను. వెనకటికి ధాన్యం కళ్లంలోనే గోనెల్లోకి ఎత్తేవారు. ఇప్పుడు కోత మిషను వచ్చి ధాన్యాన్ని ఉన్నపళంగా ట్రక్కులో కుమ్మరించి పోతుంది. చెక్కేమో వానాకాలంలో నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఎండి కుంచించుకుపోతుంది. నిలువునా పెద్దగా తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. అంటే ఏ నెలలో ట్రక్కు నిండా విడి ధాన్యం ఉంటుందో, సరిగ్గా ఆ నెలలోనే చెక్కకీ చెక్కకీ మధ్య సందులు తెరుచుకుంటాయి. గోనెపట్టాలు కుక్కుతారు, గడ్డి కుక్కుతారు, బాబాయి ఒకసారి పిన్ని పాత చీర కుక్కాడు (అది పాతది కాదని తర్వాత తేలింది). అయినా చేను నుంచి మిల్లు దాకా రోడ్డు మీద సన్నటి బంగారు గీత పడుతూనే ఉంటుంది, ఆ గీత వెంట కోళ్లు వరసకట్టి నడుస్తుంటాయి. మా ఊరి కోళ్లలా దుక్కలా ఉండే కోళ్లు చుట్టుపక్కల ఎక్కడా లేవు.

ఈ దెబ్బకు ఇనుము గెలిచేసిందనుకున్నారంతా. అప్పుడే మధ్యాహ్నమైంది.

ఏప్రిల్ మధ్యాహ్నం మా ఊళ్లో ఇనప ట్రక్కులో కాళ్లు కాలడానికి రెంటచింతల ఎండలు అక్కర్లేదు. ఎండలో రేకూ కాగుతుంది, చెక్కా కాగుతుంది. కాకపోతే చెక్క తన వేడిని తన దగ్గరే ఉంచుకుంటుంది, ఇనుము మాత్రం దాచుకోకుండా ముట్టుకున్నవాడి అరికాలికి అప్పజెబుతుంది. ఈ దానగుణంలో ఇనుము చెక్క కంటే కొన్ని వందల రెట్లు పైన. నమూనాగా తెచ్చిన రేకు ముక్క మీద కుర్రాడు ధీమాగా ఎక్కి నిలబడ్డాడు, నిలబడ్డవాడు అక్కడ ఎంతసేపో లేడు. “వేడే మంచిదండి! ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనరు కదా. ఇందులో పోస్తే మిల్లుకెళ్లేలోపు అదే ఆరిపోద్ది” అని నీళ్ల కుండీలో కాళ్లు పెట్టుకుని వాదన కొనసాగించాడు. హెడ్మాస్టారు దీన్ని శాస్త్రీయ వాదనగా నమోదు చేశారు.

గేదెల విషయం క్లుప్తంగా. వానలో రేకు మీద గేదె నిలబడలేదు, చెక్క మీద నిలబడుతుంది. గళ్ల షీటు వేస్తే జారదని కుర్రాడన్నాడు. వాళ్లూ వీళ్లూ కలిసి ఒక గేదెను తెచ్చి గళ్ల షీటు మీద ఎక్కించబోయారు. అది ఎక్కలేదు. కాబట్టి జారలేదు. ఎవరికి వాళ్లు తామే గెలిచామనుకున్నారు.

ఎరువుల బస్తా దగ్గర మాత్రం ఇనుము పక్షం కాస్త తడబడింది. పొటాష్ బస్తా ఒకటి చిరిగి మూలన పడి తడిస్తే చాలు, ఆ ఉప్పుగుణానికి రేకు తుప్పెక్కి రెండేళ్లలో జల్లెడవుతుంది. పెంట తోలి కడక్కుండా వదిలేసినా అదే గతి. రెడ్ ఆక్సైడు కొట్టి మీద పెయింటు వేస్తే ఆపొచ్చు. ఏటా వేయాలి. “ఏటా” అన్న మాట వినగానే మా ఊళ్లో ఏ పథకమైనా అక్కడితో ఆగుతుంది. చెక్క వాళ్ల మందు ఇంకో రకం, ట్రాక్టరులోంచి తీసిన కాలిన ఇంజనాయిలు చెక్కకు పట్టించడం. చెద రాదు, తడి పట్టదు, ఖర్చు లేదు. ఆ ట్రక్కులో వచ్చిన బియ్యంతో పులిహోర చేస్తే మాత్రం సర్వీసింగు సెంటరులో ప్రసాదం తిన్నట్టుంటుంది.

ఇన్ని చెప్పుకున్నాక నా అభిప్రాయం ఏమిటంటారా? విడి ధాన్యం, ఇసుక తోలేవాడికి రేకు, బాగా మందంది, కింద అడ్డ ఛానళ్లు దగ్గరదగ్గరగా వేసి. పశువులు, రాళ్లు, సామాన్లు తోలేవాడికి చెక్క, ఎందుకంటే ఒకటి విరిగితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు, వెల్డింగు కోసం కరెంటు ఎప్పుడొస్తుందా అని చూడక్కర్లేదు. ఇది మూడు నిమిషాల్లో చెప్పగలిగిన మాట. అందుకే నన్నెవరూ అడగలేదు.

తీర్పు ఉగాది వెళ్లిన వారానికి వచ్చింది. ఎవరి మనసూ నొప్పించకూడదని హెడ్మాస్టారు రెండూ వేయమన్నారు. కింద చెక్క, దాని మీద రేకు. కోళ్లు తప్ప అందరూ ఒప్పుకున్నారు. అడితి ఆయనకు అమ్మకం, కుర్రాడికి పని, బాబాయికి రెండు బిల్లులు. “అబ్బాయ్, రెండిటి బలం కలిసొస్తుంది రా” అన్నాడు బాబాయి. రెండిటి మధ్యకు దిగిన నీరు బయటికి రాదనీ, పైన రేకును కిందనుంచి తుప్పు, కింద చెక్కను పైనుంచి కుళ్లు తింటుందనీ, పైకి కొత్తగా కనిపిస్తూనే లోపల రెండూ పోతాయనీ చెప్పాను. మన ప్రభుత్వాలు ఎన్ని అలా నడవడం లేదని హెడ్మాస్టారు నన్ను కూర్చోబెట్టారు.

ట్రక్కు బయటికొచ్చిన రోజు పసుపు రాసి, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. పక్కలకు చిలకలు, తామరపువ్వులు. వెనక తలుపు మీద ఎర్ర అక్షరాలతో అమ్మవారి పేరు. రెండు వారాల తర్వాత నేను బైకు మీద ఊరికి వస్తుంటే చీకటి పడింది. కాలవ గట్టు మలుపు తిరగ్గానే హఠాత్తుగా ఎదురుగా ఒక నల్లటి గోడ నడుస్తోంది. బ్రేకు తొక్కేసరికి నా ముందు చక్రానికీ ఆ గోడకీ మధ్య జానెడు. 80 బస్తాలు, వెనక ఒక్క ఎర్ర లైటు లేదు, మెరిసే స్టిక్కరు ముక్క కూడా లేదు. గుండె దడదడ కొట్టుకుంటుండగా ముందుకెళ్లి ఆపాను.

“బాబాయ్! వెనక లైటేది?”

“ఎలకలు వైరు కొరికేశాయి రా, పోయినేడే.”

“మరి వేయించవా? నాలుగు నెలలు షాపులోనే ఉందిగా ట్రక్కు!”

బాబాయి సీటు మీంచి జాలిగా చూశాడు. “లైటెందుకురా, పిచ్చోడా? నిండా లోడుంది. ఇప్పుడు అడుగు ఎవడికి కనబడుద్ది?”